ఎవరిది సినిమా, ఎవరిది కాలక్షేపం?

2008లో ఒక ఎం.ఫిల్. విద్యార్థిని తన పరిశోధనాంశం గురించి మాట్లాడటానికి మా ఇంటికి వచ్చింది. లాప్‌టాప్ తెరిచి నాలుగు నిమిషాల వీడియో ఒకటి చూపించింది. 'స్టార్ ట్రెక్' సీరియల్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కలు. ఒక చూపు, భుజం మీద పడిన ఒక చెయ్యి, మూసుకుంటున్న తలుపు, మళ్లీ ఆ చూపే. వెనక ఒక ఇంగ్లిష్ పాట.

"దీన్ని ఎవరో ఒకావిడ ఇంట్లో కూచుని కట్ చేసింది మేడమ్. ఇలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. దీని మీద పని చేద్దామనుకుంటున్నా" అంది.

"బాగానే ఉందమ్మా. కానీ ఇది సినిమా ఎలా అవుతుంది? ఎవరో తీసిన బొమ్మలకి పాట అతికించడమేగా! కాస్త గట్టి టాపిక్ చూసుకో" అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. వేరే అంశం తీసుకుంది, డిగ్రీ వచ్చింది, వెళ్లిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట నన్ను ఎందుకు వేధిస్తోందంటే, అదే సెమిస్టర్లో నేను క్లాసులో 'ట్రూప్స్' అనే చిన్న సినిమా వేసి చూపించాను. కెవిన్ రూబియో అనే అభిమాని 1997లో తీసినది. 'స్టార్ వార్స్' సినిమాల్లో తెల్ల కవచాలు వేసుకునే సైనికులని, అమెరికన్ టీవీలో పోలీసుల వెంట కెమెరా తిరిగే ఒక కార్యక్రమం పద్ధతిలో చూపించి నవ్విస్తుంది. "చూడండి, కెమెరా సామాన్యుడి చేతికి వచ్చింది, ఇదీ ప్రత్యామ్నాయ సినిమా" అని ఉత్సాహంగా చెప్పాను. రెండూ ఇంకొకరి కథని తీసుకుని అభిమానులు చేసినవే. రెండూ డబ్బు కోసం చేసినవి కావు. ఒకదాన్ని పాఠం చేశాను, ఇంకొకదాన్ని వద్దన్నాను. స్త్రీవాద విమర్శ చదువుకున్న నేనే ఈ తేడా ఎలా చూపించగలిగాను? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే ప్రయత్నం.

ఎనభైలలో దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' చూసిన తరం మనది. కెప్టెన్ కిర్క్, చెవులు మొనదేలిన స్పాక్, నక్షత్రాల మధ్య తిరిగే ఎంటర్‌ప్రైజ్ నౌక చాలామందికి గుర్తుండే ఉంటాయి. అమెరికాలో ఈ సీరియల్ 1966 నుంచి 1969 వరకు మూడు సీజన్లు, 79 భాగాలుగా వచ్చింది. రెండో సీజన్‌తో ఆపేస్తారన్న మాట వచ్చినప్పుడు ఉత్తరాల ఉద్యమం నడిపి దాన్ని నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు బీజో ట్రింబుల్. ఆమె, ఆమె భర్త కలిసి నడిపిన ఉద్యమం అది. 'స్పాకనేలియా' అనే మొదటి 'స్టార్ ట్రెక్' అభిమాన పత్రికని 1967లో తెచ్చింది డెవ్రా లాంగ్‌సమ్, షెర్నా కమర్‌ఫర్డ్ అనే ఇద్దరు స్త్రీలు. 1972లో న్యూయార్క్‌లో జరిగిన పెద్ద అభిమానుల సభ వెనక జోన్ విన్‌స్టన్ లాంటి స్త్రీల శ్రమ ఉంది. సైన్స్ ఫిక్షన్ అభిమాని అనగానే మన కళ్ల ముందు కళ్లద్దాల కుర్రాడు మెదులుతాడు. ఈ సీరియల్ విషయంలో మాత్రం ఆ బొమ్మ మొదటి నుంచీ తప్పే.

ఆ స్త్రీలు ఈ కథలో ఏం చూసుకున్నారో అర్థం కావాలంటే సీరియల్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. 1964 చివర్లో తీసిన మొదటి నమూనా భాగంలో నౌకకి రెండో అధికారి ఒక స్త్రీ. ఆమెకి పేరు కూడా లేదు, 'నంబర్ వన్' అంటారు. ఉద్వేగాలకి లొంగని, తర్కంతో ఆలోచించే మనిషి. మేజెల్ బారెట్ ఆ పాత్ర వేసింది. ఛానెల్‌వాళ్లు ఆ నమూనాని తిరస్కరించి రెండోది తీయమన్నారు. అందులో నంబర్ వన్ లేదు. ఆమె చల్లని తర్కం స్పాక్‌కి వెళ్లింది, ఆమె కుర్చీ కూడా అతనికే వెళ్లింది. మేజెల్ బారెట్ సీరియల్లోకి తిరిగి వచ్చింది, స్పాక్‌ని మౌనంగా ప్రేమించే నర్సు చాపెల్‌గా. ఆజ్ఞలిచ్చిన స్త్రీ పథ్యం గిన్నె పట్టుకుని రావడం ఏమిటో మనకి విడమరచి చెప్పక్కర్లేదు.

1975లో కాండీ ఫాంగ్ అనే అభిమాని ఒక పని చేసింది. సీరియల్ ఎడిటింగ్‌లో మిగిలిపోయిన ఫిల్మ్ ముక్కలు ఆమె చేతికి వచ్చాయి. వాటిని స్లైడ్లుగా చేసి, ప్రొజెక్టర్ మీద ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ, పక్కన క్యాసెట్ ప్లేయర్‌లో పాట పెట్టి అభిమానులకి చూపించింది. పాటలో ఏ మాటకి ఏ బొమ్మ రావాలో ఆమె నిర్ణయం. అభిమానుల వీడియో కళకి, వాళ్ల భాషలో 'విడ్డింగ్'కి, ఇదే మొదలు అంటారు. ఫ్రాంచెస్కా కోపా అనే పరిశోధకురాలు 2008లో రాసిన వ్యాసంలో ఈ చరిత్రని నంబర్ వన్ మాయమవడంతో కలిపి చదివింది. తెర మీద చెదిరిపోయిన స్త్రీ, తెర ఇవతల కూచుని బొమ్మల్ని తన చూపు ప్రకారం మళ్లీ కూర్చుకుందని ఆమె వాదన. తర్వాత 2022లో ఈ చరిత్ర మొత్తాన్ని పుస్తకంగా తెచ్చింది.

వీసీఆర్‌లు ఇళ్లలోకి వచ్చాక స్లైడ్ల చోట కదిలే బొమ్మలు వచ్చాయి. రెండు వీసీఆర్‌లు, ఒక టీవీ, ఒక స్టాప్‌వాచ్. ఒక డబ్బాలో అసలు టేపు, ఇంకో డబ్బాలో ఖాళీ టేపు. ఒక ముక్కని ఎక్కించి ఆపితే యంత్రం కొంచెం వెనక్కి జరుగుతుంది. ఎంత జరుగుతుందో ఒక్కొక్క యంత్రానికీ ఒక్కొక్క లెక్క. ఆ లెక్క వేళ్లకి తెలియాలి. పాట చివర్లో కలుపుతారు కాబట్టి బొమ్మలన్నీ ముందే సెకన్లతో కొలిచి పేర్చాలి. మధ్యలో ఒక్క ముక్క తప్పయితే దాని తర్వాతవన్నీ పోతాయి. అలాంటి పని గురించే అలాంటి వీడియో కూడా ఒకటి ఉంది, 1990 నాటిది, పేరు 'ప్రెషర్'. ఇంట్లో టేపుల మధ్య స్త్రీలు ఆ పని ఎలా చేస్తారో చూపిస్తుంది. అది చూసినప్పుడు నాకు మా పెద్దమ్మ అల్లే చుక్కల ముగ్గు గుర్తొచ్చింది. ఒక్క చుక్క తప్పితే అంతా చెరిపి మళ్లీ పెట్టేది. చూసేవాళ్లకి మాత్రం అది 'ఏదో ముగ్గు'.

నేను 'అతికించడమేగా' అన్నది ఈ పనినే.

ఇక అభిమానులు మెచ్చుకున్న సినిమాల వైపు చూద్దాం. అభిమాని సినిమాల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 'హార్డ్‌వేర్ వార్స్' దగ్గర మొదలుపెడతారు. 'స్టార్ వార్స్' వచ్చిన మరుసటి ఏడాది, 1978లో, ఎర్నీ ఫాసీలియస్ తీసిన పదమూడు నిమిషాల హాస్య చిత్రం. ఇస్త్రీ పెట్టెలు, టోస్టర్లు అందులో అంతరిక్ష నౌకలు. తర్వాత 'ట్రూప్స్', దాని తర్వాత ఇంటర్నెట్టు, డిజిటల్ కెమెరాలు, వరదలా సినిమాలు. ఈ వరసలో 1975 నాటి స్లైడ్ ప్రొజెక్టర్ కనిపించదు. కెమెరా పట్టుకోలేదు కాబట్టి కాండీ ఫాంగ్ సినిమా తీసినట్టు లెక్క కాదు. నిజానికి ఎడిటింగ్ సినిమాకి ప్రాణమని క్లాసులో చెప్పేది మనమే.

2002లో 'స్టార్ వార్స్' యజమానులు లూకాస్‌ఫిల్మ్ వాళ్లు అభిమాని సినిమాలకి అధికారికంగా పోటీ పెట్టారు. హాస్యానుకరణలు పంపవచ్చు, అభిమానుల మీద డాక్యుమెంటరీలు పంపవచ్చు. ఆ ప్రపంచంలో కొత్త కథ అల్లి సీరియస్‌గా తీసినవి మాత్రం వద్దన్నారు. చట్టం పరంగా ఇందులో అర్థం ఉంది. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పాట కేసులో హాస్యానుకరణకి రక్షణ ఉండవచ్చని చెప్పింది. కానీ హెన్రీ జెంకిన్స్ ఈ నిబంధనలో ఇంకో సంగతి పట్టుకున్నాడు. హాస్యానుకరణలు తీసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. పాత్రల మనసుల్లోకి వెళ్లి కథని పొడిగించేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నిబంధనలో స్త్రీ, పురుషుడు అన్న మాట ఎక్కడా లేకపోయినా గేటు దగ్గర ఎవరు ఆగిపోతారో తేలిపోయింది. ఇదే కంపెనీ 1981లో శృంగారం ఉన్న కథలు వేసిన అభిమాన పత్రికలకి హెచ్చరిక ఉత్తరాలు పంపిందని గుర్తుచేసుకుంటే ఈ గేటు కొత్తది కాదని తెలుస్తుంది. 2007లో నిబంధన మార్చి కొత్త కథలనీ రానిచ్చారు.

నవ్వించే అభిమాని ఎవరికీ భయం కలిగించడు. కథని ప్రేమిస్తూనే దూరంగా నిలబడి వెక్కిరిస్తాడు, 'నాకు ఇది వెర్రి అని తెలుసులే' అన్నట్టు. వెక్కిరించకుండా ప్రేమించేవాళ్లే ఇబ్బంది. వాళ్లు కథలో ఖాళీని చూపించి "ఇక్కడ ఏమైంది?" అని అడుగుతారు. ఆ అమ్మాయి చూపించిన నాలుగు నిమిషాల వీడియో నన్ను ఇబ్బంది పెట్టింది కూడా అందుకేనేమో. అందులో వెక్కిరింత లేదు. ఎవరో ఒక స్త్రీ తను కోరుకున్నదాన్ని సిగ్గు లేకుండా బయట పెట్టింది. నేను కళ్లు తిప్పుకుని దానికి 'సినిమా కాదు' అని పేరు పెట్టుకున్నాను.

కొత్త కథల అభిమాని సినిమాల్ని అందరూ కొట్టిపారేశారని అనను. 2004లో జేమ్స్ కాలీ మొదలుపెట్టిన 'స్టార్ ట్రెక్: న్యూ వాయేజెస్' అందుకు పెద్ద ఉదాహరణ. పాత సీరియల్లోని నౌక గదిని మీటలతో సహా మళ్లీ కట్టాడు, కిర్క్ వేషం తనే వేశాడు. కాలీ వృత్తిరీత్యా ఎల్విస్ ప్రెస్లీ వేషధారి. నటన అంతంతమాత్రమైనా అభిమానులు క్షమించారు, సెట్టు చూసి ముచ్చటపడ్డారు. 2007 నాటి 'వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్' భాగంలో పాత సీరియల్ నటుడు జార్జ్ టాకే తన సులు పాత్రలోకి తిరిగొచ్చాడు. అది 2008లో హ్యూగో అవార్డుకి పోటీ పడింది. అసలుకి ఎంత దగ్గరగా ఉందన్నదే ఇక్కడ కొలబద్ద. సుత్తి, రంపం, వడ్రంగం కంటికి కనిపించే శ్రమ. రాత్రిపూట రెండు వీసీఆర్‌ల మధ్య సెకన్లు లెక్కపెట్టిన శ్రమ కంటికి కనిపించదు.

అయితే ఒక్క కొలబద్దే ఉందనుకుంటే అదీ తప్పే. 2000 నుంచి 2007 వరకు నడిచిన 'హిడెన్ ఫ్రాంటియర్' చూడండి. సెట్లు లేవు, ఆకుపచ్చ తెర ముందు నటులు, వెనక కంప్యూటర్ బొమ్మ. అంచుల దగ్గర జుట్టు కూడా సరిగ్గా కలవదు. అయినా ప్రపంచమంతటా దానికి అభిమానులు దొరికారు. మగవాళ్లని ప్రేమించే మగవాళ్లు అందులో ముఖ్య పాత్రలు. అధికారిక సీరియళ్లలో అలాంటి జంట ప్రధాన పాత్రలుగా రావడానికి 2017 దాకా, 'డిస్కవరీ' దాకా ఆగాల్సి వచ్చింది. డేవిడ్ జెరాల్డ్ ఒక స్వలింగ జంటతో రాసిన 'బ్లడ్ అండ్ ఫైర్' కథ 1987లో అధికారిక సీరియల్ కోసం రాసిందే, వాళ్లు తీయలేదు. ఇరవయ్యేళ్ల తర్వాత న్యూ వాయేజెస్ బృందం తీసింది, జెరాల్డే దర్శకుడు. అసలు కథ తమకి ఇవ్వనిదాన్ని ఇచ్చిన సినిమాని అభిమానులు లోపాలతో సహా దగ్గరికి తీసుకుంటారు. అసలులా ఉందా అని చూసే కన్ను ఒకటి, అసలులో లేనిది ఉందా అని వెతికే కన్ను ఇంకొకటి. ఒకే అభిమానిలో రెండూ ఉండొచ్చు. కథలో మొదటి నుంచీ చోటు ఉన్నవాళ్లకి మొదటి కన్ను చాలు, చోటు లేనివాళ్లకి చాలదు.

నటీమణుల విషయంలో ఇది ఇంకా స్పష్టం. మొదటి సీజన్ మధ్యలోనే గ్రేస్ లీ విట్నీని సీరియల్ నుంచి తీసేశారు. సీరియల్‌కి సంబంధించిన ఒక అధికారి తన మీద లైంగిక దాడి చేశాడని 1998లో తన ఆత్మకథలో రాసింది. ఆమె అదే జానిస్ రాండ్ పాత్రలో 'వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్'లో కనిపించింది. నిషెల్ నికోల్స్ సీరియల్ పొడవునా ఉహూరాగా కూచుని ఎక్కువగా చెప్పింది సందేశం వచ్చిందనో, పోయిందనో. 2007లో మొదలై మూడు భాగాలుగా వచ్చిన 'ఆఫ్ గాడ్స్ అండ్ మెన్' అనే అభిమాని సినిమాలో, డెబ్బై దాటిన వయసులో, ఆమెకి కథ నడిపే పాత్ర దొరికింది. అది గొప్ప సినిమా అనను. కానీ ఆమె ముఖం మీద కెమెరా అంతసేపు ఆగడం అసలు సీరియల్లో ఎన్నిసార్లు చూశాం?

'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' అనే ఇంకో సిరీస్ 2013 నుంచి 2017 వరకు పదకొండు భాగాలు తీసింది. 2016లో వచ్చిన 'ఎంబ్రేసింగ్ ద విండ్స్' భాగం, స్త్రీకి నౌక నాయకత్వం ఇవ్వవచ్చా అన్న ప్రశ్ననే తీసుకుంది. ఈ ప్రశ్న ఊరికే రాలేదు. పాత సీరియల్ చివరి భాగంలో, 1969లో, జానిస్ లెస్టర్ అనే స్త్రీ కెప్టెన్ పదవి తనకి అందదని కిర్క్ శరీరాన్నే దొంగిలిస్తుంది. కథ ఆమెని పిచ్చిదాన్ని చేసి ముగిస్తుంది. నలభై ఏడేళ్ల తర్వాత అభిమానులు ఆ గాయం దగ్గరికి తిరిగి వెళ్లారు.

ఈ దారిని చాలావరకు మూసేసింది డబ్బు గొడవ. 2014లో వచ్చిన 'ప్రెల్యూడ్ టు అక్సనార్' అనే ఇరవై నిమిషాల సినిమా చూసి అభిమానులు పొంగిపోయారు. పూర్తి సినిమా కోసం పది లక్షల డాలర్లకి పైగా విరాళాలు వచ్చాయి. 2015 డిసెంబర్లో పారామౌంట్, సీబీఎస్ సంస్థలు దావా వేశాయి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఈ మధ్యలో అభిమానులు రెండుగా చీలారు. కంపెనీల దౌర్జన్యం అన్నవాళ్లు కొందరు, విరాళాలతో స్టూడియో పెట్టుకోవడం అభిమానమా అని అడిగినవాళ్లు కొందరు. 2016 జూన్‌లో కంపెనీలు నిబంధనలు ప్రకటించాయి. సినిమా పదిహేను నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలైతే ముప్ఫై. విరాళాలు 50,000 డాలర్లు మించకూడదు. ఎవరికీ జీతం ఇవ్వకూడదు. గతంలో గానీ ఇప్పుడు గానీ అధికారిక 'స్టార్ ట్రెక్'లో పనిచేసినవాళ్లు ఉండకూడదు. ఆ చివరి నిబంధనతో నిషెల్ నికోల్స్‌కి దొరికినలాంటి రెండో అవకాశానికీ తలుపు మూతపడింది.

విడ్డింగ్ చేసే స్త్రీలకి ఈ తుపాను పెద్దగా తగల్లేదు. వాళ్లు విరాళాలు అడగలేదు, పోటీలకి పంపలేదు. చట్టానికీ, ఎగతాళికీ భయపడి ఏళ్ల తరబడి టేపుల్ని చేతి నుంచి చేతికే ఇచ్చుకున్నారు. 2002 నుంచి 2018 వరకు షికాగోలో 'విడ్‌కాన్' కాదు, 'వివిడ్‌కాన్' అనే సొంత సభ జరుపుకున్నారు. మొదటిది యూట్యూబ్ తారల మేళా, జనం ఈ రెండింటినీ కలిపేస్తారు కాబట్టి విడిగా చెబుతున్నాను. దాక్కోవడం వాళ్లని కాపాడింది, చరిత్రలోంచి తప్పించింది కూడా. 2007లో అభిమాని రచయిత్రులు ఒక సంస్థ పెట్టుకున్నారు. వాళ్ల రచనల భాండాగారం పేరు 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్'. వర్జీనియా వుల్ఫ్ గది గుర్తొస్తోంది కదూ! పేరు అక్కడిదే. 2019లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది. వ్యాపారం కోసం కాని ఇలాంటి వీడియోలకి డీవీడీల నుంచి ముక్కలు తీసుకోవడం తప్పు కాదని 2010లో అమెరికాలో మినహాయింపు రావడం వెనక ఈ సంస్థ, ఈ స్త్రీలు ఉన్నారు.

ఇక్కడ స్త్రీలని ఒక పక్క, కొట్టిపారేసేవాళ్లని ఇంకో పక్క నిలబెడితే నాకు సుఖంగా ఉంటుంది, నిజం మాత్రం కాదు. 1973లో పాలా స్మిత్ అనే అభిమాని ఒక పేజీ వెక్కిరింత కథ రాసింది. పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్ మేరీ స్యూ, నౌకలో అందరూ ఆమెని ప్రేమించేవాళ్లే, ఆమెకి రానిది లేదు. కుర్ర రచయిత్రుల పగటికలల మీద ఒక స్త్రీ వేసిన జోకు. ఆ పేరు తర్వాత ఆయుధమైంది. కథలో తమని పెట్టుకుని రాయడానికే చాలామంది అమ్మాయిలు జంకారు. 2015లో 'స్టార్ వార్స్' సినిమాలో రే అనే యువతి కత్తి పట్టగానే అదే పేరు పెట్టి తిట్టారు. అన్నీ వచ్చిన, అందరూ ప్రేమించే కిర్క్‌ని ఆ మాట ఎవరూ అనరు.

మన దగ్గర డెబ్బైలలో యద్దనపూడి నవలలు చదివే ఆడపిల్లల్ని చూసి చదువుకున్న ఆడవాళ్లమే పెదవి విరిచాం. మేడ, కారు, రాజశేఖరం లాంటి నాయకుడు అంటూ నవ్వాం. ఆ పిల్లలు ఆ పేజీల్లో ఏం వెతుక్కున్నారో అడగడానికి చాలా కాలం పట్టింది. 2008లో నా ఎదురుగా కూచున్న అమ్మాయికి నేను చేసింది అదే. గట్టి టాపిక్ అంటే నా మనసులో మగవాళ్లు మెచ్చిన టాపిక్ అని అర్థం. అది నాకు అప్పుడు తెలియదు.

మొన్న సంక్రాంతికి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు తనూ పాఠాలు చెబుతోంది. అప్పుడు నేను అన్న మాట తప్పని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అప్పుడే అయితే టేపుల కాలంవాళ్లు ఇంకా ఎక్కువమంది దొరికేవాళ్లు మేడమ్. ఇప్పుడు కొందరు పోయారు, టేపులూ పాడైపోయాయి" అంది.

"ఇప్పుడైనా రాస్తావా?" అన్నాను.

"రాస్తాను. కానీ ముందు మీరు రాయండి, ఎందుకు వద్దన్నారో" అంది.

అందుకే ఇది రాశాను.